పదిహేడు రోజులు దాచిన నొప్పి

భీమన్నకు కుడి ముంగాలులో నొప్పి మొదలైంది సెప్టెంబరు నెల మొదటి మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు. పరుగులో నీళ్ళ ట్యాంకు మలుపు తిరుగుతుండగా ఎముక మీద ఎవరో వేలితో పొడిచినట్టయిందట. టైం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆ మలుపు దగ్గర నిలబడ్డ ఉస్తాద్, అంటే శిక్షణ ఇచ్చేవాడు, గడియారం చూసి నిమిషాలు గట్టిగా అరుస్తాడు. ఆ నొప్పి సంగతి ఆసుపత్రికి తెలిసింది పదిహేడు రోజుల తర్వాత, శుక్రవారం పదకొండున్నరకు. అప్పుడు కూడా భీమన్న తనంతట తాను చెప్పలేదు, నేను అడిగితే చెప్పాడు.

నేను సైనిక ఆసుపత్రుల్లో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేశాను. చివరి ఆరేళ్ళు ఉత్తరాన ఒక శిక్షణ కేంద్రం ఆసుపత్రిలో ఉన్నాను. నా భుజం మీద ఎన్ని నక్షత్రాలు ఉండేవో ఈ వ్యాసానికి అవసరం లేదు. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఉంటున్నాను. ఆదోని, హొళగుంద, ఆస్పరి, తుగ్గలి వైపు నుంచి సైన్యంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి అడుగుతారు. అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. పరుగు ఎంత, జీతం ఎంత, కొడతారా? నాలుగో ప్రశ్న ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నొప్పి వస్తే ఎవరికి చెప్పాలి అని. దానికి జవాబుగా ఇది రాస్తున్నాను.

వెళ్ళేముందు

ఇప్పుడు ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, తర్వాత ర్యాలీ. ర్యాలీలో పదహారు వందల మీటర్ల పరుగు, కడ్డీ పట్టుకుని పైకి లేవడం, గోతి దూకడం, ఆ తర్వాత వైద్యపరీక్ష. పరుగు గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. తెల్లవారుజామున మార్కెట్ యార్డు చుట్టూ మీరు పరిగెత్తడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మనవాళ్ళు దెబ్బతినేది వైద్యపరీక్షలో.

ముఖ్యంగా చెవులు. చెవిలో గుబిలి ఉంటే డాక్టరు కర్ణభేరి చూడలేడు. శుభ్రం చేయించుకుని మళ్ళీ రమ్మని గడువిస్తాడు. అది తిరస్కారం కాదు, వాయిదా. మనవాళ్ళు దాన్ని తిరస్కారం అనుకుని భయపడి, బస్టాండులో తీగముక్కతో గుబిలి తీసేవాడి దగ్గరికి పోతారు. లేదా ఇంట్లో కాచిన నూనె పోయించుకుంటారు. తుగ్గలి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు పరుగులో మొదటి గుంపులో వచ్చాడు. వాయిదాకు వెళ్ళేలోగా తీగ పెట్టించుకున్నాడు. కర్ణభేరికి చిల్లు పడింది. ప్రభుత్వాసుపత్రిలో చెవి డాక్టరుకు గుబిలి తీయడం ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ముందే పెట్టుకోండి.

బరువు తక్కువని అరటిపండ్లు మింగడం ఇంకొకటి. పద్నాలుగు పండ్లు తిన్నవాడిని చూశాను. బరువు తూచే యంత్రం మీదే వాంతి చేసుకున్నాడు. తూకం మళ్ళీ తగ్గింది.

మూడోది నేల. మన పిల్లలు నల్లరేగడి చేలల్లో, కోత అయిపోయిన బీళ్ళలో ఒట్టికాళ్ళతో పరిగెత్తి పెరుగుతారు. ఆ మట్టి మెత్తన. శిక్షణ కేంద్రంలో తారు, సిమెంటు, బరువైన బూట్లు. పరుగుకు ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది. ఎముక నెమ్మదిగా గట్టిపడుతుంది. ఊపిరి సాయంతో మీరు పరిగెడుతూనే ఉంటారు, లోపల ముంగాలి ఎముక వెంట్రుకవాసి చిట్లుతుంది. కాబట్టి వెళ్ళే మూడు నెలల ముందు నుంచే బూట్లు వేసుకుని వారానికి రెండు రోజులు రోడ్డు మీద, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పరిగెత్తండి. భీమన్నకు ఈ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

మొదటి నెల

మొదటి రోజు జుట్టు పోతుంది. రెండో రోజుకు నల్ల ట్రంకుపెట్టె, రెండు జతల బూట్లు, మగ్గు, దుప్పటి వస్తాయి. మూడో రోజుకు మీ పేరు పోతుంది. నంబరుతోనే పిలుస్తారు. తెల్లవారకముందే ఈల మోగుతుంది. పక్క దుప్పటి మడత మీద గీత వంకరగా ఉంటే మొత్తం బారక్కు మైదానంలో దొర్లాలి. ఈ దొర్లించడాన్ని అక్కడ రగడా అంటారు. కొడతారా అని అడుగుతారు కదా, కొట్టకూడదని నియమం. చెయ్యి చేసుకునే ఉస్తాదులను కూడా చూశాను, శిక్ష పడి వెళ్ళినవాళ్ళను కూడా చూశాను. ఎక్కువమంది కొట్టరు. నోటితో మాత్రం మీ తాతముత్తాతల వరకు వెళతారు. అది మీ మీద కోపం కాదు, వాళ్ళ పని పద్ధతి. రెండో వారానికి మీకే నవ్వొస్తుంది.

మొదటి నెలలో దాదాపు అందరూ ఏడుస్తారు. స్నానాల గదిలో ఏడిస్తే మంచిది. నీళ్ళ చప్పుడులో వినిపించదు.

భీమన్నను నేను మొదట చూసింది ఆ నెలలోనే. మడమ మీద బొబ్బకు కట్టు కట్టించుకోవడానికి వచ్చి, మందు మంటపుట్టగానే "అయ్యో నాయనా" అన్నాడు.

"యా ఊరప్పా నీది?" అన్నాను.

బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు. "మేడమ్, మీకు తెలుగొస్తాదా?"

"వస్తాది. కూసో, కట్టు ఊడతాది. యా ఊరు?"

"హొళగుంద పక్కన పల్లె మేడమ్. మీదో?"

"ఎమ్మిగనూరు."

"అయితే మనం ఇరుగుపొరుగే గదా మేడమ్!" అన్నాడు. ఊళ్ళో ఉండగా అతను ఎమ్మిగనూరు రెండుసార్లు కూడా రాలేదట.

తిండి ఎలా ఉందని అడిగాను. "అన్నం ఉంది మేడమ్. రొట్టెలంటారు గానీ ఆ గోధుమవి రొట్టెలెట్లైతాయి? ఊదితే ఎగిరిపోతాండాయి. జొన్నరొట్టె ఒకటి తింటే మద్యాన్నం దాకా కడుపులో కూసుంటాది."

అతని పక్కన నిలబడి నవ్వినవాడు ఖాసిం, ఆదోని కుర్రవాడు. శిక్షణలో ఇద్దరిద్దరిని జోడీగా కడతారు. పక్కపక్క మంచాలు, ఒకరి తుపాకీకి ఒకరు కాపలా, ఒకరు తప్పు చేస్తే ఇద్దరికీ రగడా. ఖాసింకు ఇంట్లో మాట్లాడే ఉర్దూతో హిందీ కష్టం కాలేదు. భీమన్నకు తెలుగు, కన్నడం తప్ప రెండు హిందీ ముక్కలు కూడా రావు. ఉస్తాద్ ఆజ్ఞ ఇస్తే భీమన్న ఖాసిం వైపు చూసేవాడు, ఖాసిం తిరిగితే తనూ తిరిగేవాడు. అరక్షణం ఆలస్యం. అందుకు ఇద్దరూ కలిసి మొదటి నెలంతా దొర్లారు.

"వీనికోసం దొర్లి దొర్లి నా మోచేతులు సూడండి మేడమ్" అని ఖాసిం చేతులు చూపించాడు. "ఆదోని మార్కెట్లో పత్తి బేలు గూడ ఇన్నిసార్లు దొర్లదు."

"నువ్వు రొంత బిరీన తిరిగితే నేనూ బిరీన తిరుగుతా గదప్పా" అన్నాడు భీమన్న.

హిందీ గురించి ఒక మాట. భయపడొద్దు. ఆరు వారాల్లో చెవికి పట్టుబడుతుంది. కానీ ఒక్క వాక్యం ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్ళండి. "నాకు ఇక్కడ నొప్పిగా ఉంది, నిన్నటి నుంచి ఉంది." ఈ వాక్యం రాకనో, నోరు రాకనో పోయిన కాళ్ళు చాలా చూశాను.

జబ్బు వరస

పొద్దున్నే హాజరు వేసేటప్పుడు ఒంట్లో బాగాలేనివాళ్ళు పక్కకు వచ్చి వేరే వరసగా నిలబడాలి. దానికి సిక్ రిపోర్ట్ అని పేరు. మిగతా దళం అంతా వాళ్ళను చూస్తుంది. సాకులు చెప్పేవాళ్ళని, పనిదొంగలని అంటుంది. ఉస్తాదులు కూడా అంటారు. నా లెక్క ప్రకారం ఆ వరసలో నిలబడ్డవాళ్ళలో పదిమందికి ఒక్కడు సాకు చెప్పేవాడు. ఆ ఒక్కడి మూలంగా తొమ్మిదిమంది సిగ్గుపడాల్సి వస్తుంది.

మా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఒక మేజర్. కొంకణ తీరం మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఒక్కటే. ఒకరోజు వరసలో ఎవరూ లేరని నేను సంతోషంగా చెబితే ఆయన కళ్ళజోడు తీసి, "ముగ్గురు వస్తే నాకు నిద్ర పడుతుంది. ఒక్కడూ రాలేదంటే ఎక్కడో దాస్తున్నారు" అన్నాడు. దాచిన నొప్పిని వెతకడం కూడా నర్సు పనేనని అప్పటి నుంచి లెక్కలో వేసుకున్నాను.

ఎందుకు దాస్తారంటే, కొన్ని వారాలకు మించి శిక్షణ తప్పితే రిక్రూట్‌ను వెనక బ్యాచ్‌లోకి పంపుతారు. ఉద్యోగం పోదు. కానీ తనతో దొర్లినవాళ్ళందరూ ముందుకు పోతారు, తను కొత్తవాళ్ళ మధ్య మిగిలిపోతాడు. ఆ వయసులో అది చావులాగే అనిపిస్తుంది.

తిరగబడిన అంకె

మంగళ, శుక్రవారాల్లో దూరపు పరుగు ఉండేది. అడ్డదారిలో తిరిగి రాకుండా, దూరపు మలుపు దగ్గర నాయక్ హోదా సైనికుడు ఒకడు స్టాంపు ప్యాడ్ పెట్టుకుని కూర్చునేవాడు. ప్రతి రిక్రూట్ ఎడమ ముంజేతి మీద ఆ రోజు అంకె ఒకటి ఊదారంగు సిరాతో ముద్ర వేసేవాడు. ముగింపు దగ్గర ఆ నలభైమంది ప్లాటూన్ ఉస్తాద్ బల్వంత్, రాజస్థాన్ మనిషి, చేతులు చూసి లోపలికి పంపేవాడు. ముద్ర లేకపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఆ శుక్రవారం టీకాల రోజు కూడా. పరుగు అయిపోయి, స్నానాలు చేసి, ప్లాటూన్ మొత్తం చొక్కా చేతులు మడిచి వరసగా వచ్చింది. ఆ సిరా రెండు రోజుల దాకా పోదు. అందరి ముంజేతుల మీద ఏడు అంకె ఉంది. నేను పక్కన నిలబడి పేర్లు చూస్తున్నాను. భీమన్న వంతు వచ్చింది. అతని చేతి మీద కూడా ఏడే ఉంది, కానీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. రంగు సగం పాలిపోయి ఉంది.

సూది వేయించి, "పక్కన కూసో" అన్నాను. వెనకే వచ్చిన ఖాసిం చేతిమీద ఏడు సరిగ్గానే ఉంది, కానీ ఒకపక్క చెరిగి ఉంది. అతన్నీ కూర్చోమన్నాను.

"ఈ ఏడు ఎవరు ఏసినారు?" అని భీమన్నను అడిగాను.

"నాయక్ సాబ్ మేడమ్."

"నాయక్ సాబ్ నిన్ను తలకిందులుగ నిలబెట్టి ఏసినాడా?"

భీమన్న చెయ్యి చూసుకున్నాడు. అప్పటిదాకా ఇద్దరిలో ఎవరూ అది గమనించలేదు. ఖాసిం "తెరీకీ" అని మెల్లగా తనను తానే తిట్టుకున్నాడు.

జరిగింది ఇది. నొప్పి మొదలైన రోజుతో కలిపి మూడు పరుగులు భీమన్న పళ్ళు బిగబట్టి పరిగెత్తాడు. తర్వాత అడుగు వేయలేకపోయాడు. అప్పటి నుంచి ఉస్తాద్ కంటపడకుండా నీళ్ళ ట్యాంకు వెనక ఆగిపోయేవాడు. ఖాసిం దూరపు మలుపు దాకా పోయి ముద్ర వేయించుకుని, చెమట ఆరకముందే వచ్చి, తన ముంజేతిని భీమన్న ముంజేతికి అదిమేవాడు. తడి సిరా దిగేది. ఇద్దరూ కలిసి ముగింపుకు వచ్చేవారు. గుంపులో నలభై చేతులు చూసే ఉస్తాద్‌కు ఊదారంగు కనిపిస్తే చాలు. పదో రోజున, పద్నాలుగో రోజున, పదిహేడో రోజున, అలా మూడుసార్లు. మొదటి రెండు రోజుల అంకెలు సున్నా, ఎనిమిది. తిరగబడినా తేడా తెలియనివి.

బూటు విప్పించి ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. మోకాలికి జానెడు కింద ఒక్కచోట భీమన్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ మంగళారం నుంచి మేడమ్. మలుపు కాడ. ఆరూ పదికి."

డాక్టరు మాట

ఎక్స్‌రేలో ఎముక అంచున సన్నటి గీత కనిపించింది. మేజర్ దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. "మొదటి వారంలో వచ్చి ఉంటే మూడు వారాల విశ్రాంతితో సొంత బ్యాచ్‌లోనే వెళ్ళేవాడు. ఇప్పుడు ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు. ఇంకొక పరుగు పరిగెత్తితే ఎముక రెండుగా విరిగేది, అప్పుడు ఇంటికే" అన్నాడు. కట్టు వేయమని, వెనక బ్యాచ్‌కు సిఫారసు రాస్తానని చెప్పాడు.

భీమన్నకు నేను తెలుగులో చెప్పాను. సగంలోనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మేడమ్, కసమ్ పరేడ్ ఇంగ ఇరవై తొమ్మిది రోజులే ఉండేది. అంతవరకు గమ్మునుండండి మేడమ్. ఆ పొద్దు కవాతు సేసి, ఆ తర్వాత మీరు కాలు తీసేసినా సరే."

కసమ్ పరేడ్ అంటే శిక్షణ ముగిశాక జెండా ముందు ప్రమాణం చేసే కవాతు. తల్లిదండ్రులను పిలుస్తారు.

"మావాళ్ళు పదకొండు మంది టికెట్లు తీసినారు మేడమ్. ఆదోనిలో రైలెక్కేది. మాయమ్మ గుంతకల్లు దాటి యాడికీ పోయినామె గాదు. మా నాయన మార్కెట్ యార్డులో బస్తాలు మోసేటోడు, హమాలీలందరికీ సెప్పుకున్నాడు. ఇప్పుడు రావద్దని ఎట్ల సెప్పేది?"

"కాలు నీదా, హమాలీలదా?"

"ఈ నెల రోజులకు మాత్రం వాళ్ళదే అనుకోండి మేడమ్."

నేను ఒప్పుకోలేదు. కట్టు వేయించాను. ఆ సాయంత్రం ఖాసింను పిలిచి ఒక మాట చెప్పాను. కాలు ఆసుపత్రి సంగతి, అది మేం చూసుకుంటాం. ముద్ర ప్లాటూన్ సంగతి. హాజరు వేళలోగా నీ అంతట నువ్వు ఉస్తాద్‌కు చెబితే ఒక రకం, నేను చెబితే ఇంకొక రకం. "సెప్తా మేడమ్" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, "గానీ నేను సేసింది వాని మంచికే" అన్నాడు.

"నువ్వు పదో రోజు ముద్ర ఏయకుండా ఉంటే వాడు పదో రోజే ఈడికి వస్తుండె. అది గూడ లెక్క ఏసుకో."

ఖాసిం చెప్పాడు. బల్వంత్ ఉస్తాద్ ప్లాటూన్ మొత్తాన్ని నిలబెట్టి, "ఇక్కడ రెండు గాడిదలున్నాయి. ఒకటి కుంటిది, ఇంకొకటి దాన్ని మోసేది. మోసేదాన్ని చూస్తే నాకు ఎక్కువ భయం" అన్నాడట. ఖాసింకు పద్నాలుగు రోజుల శిక్ష వేశారు. పదిమంది సెక్షన్‌కు నాయకుడిగా ఉండేవాడు, ఆ పదవి తీసేశారు. దూరపు పరుగులో కప్పు అతనిదే అని అందరూ అనుకుంటున్నారు, పోటీ నుంచి పేరు కొట్టేశారు. మరుసటి వారం నుంచి ముద్ర మానేసి, మలుపు దగ్గర మణికట్టుకు రంగుదారం ముడివేయడం మొదలుపెట్టారు.

కానీ ఆదివారం బల్వంత్ ఉస్తాద్ ఆసుపత్రికి వచ్చాడు. భీమన్న మంచం పక్కన నిలబడి, తన కుడి ముంగాలు మీద పాత మచ్చ చూపించి, హిందీలో నెమ్మదిగా, "నేనూ దాచాను, రెండేళ్ళు కుంటుతూ నడిచాను. నాకు చెప్పాల్సింది రా" అన్నాడు. పొద్దున్నే జబ్బు వరసను ఎగతాళి చేసే గొంతు కూడా ఆయనదే. ఆ వరస దగ్గర ఆయన ఈ మాట ఒక్కసారి అని ఉంటే నలభైమందికి ఉపయోగపడేది. ఉస్తాదులు కాబోయేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే గుర్తుపెట్టుకోండి.

ఆదోని నుంచి పదకొండు మంది

ఇంటికి ఫోన్ చేసి చెప్పమని భీమన్నకు నాలుగు ఆదివారాలు చెప్పాను. చెప్పేసినానన్నాడు. ఫోన్‌లో అతను మాట్లాడింది వానల గురించి, వేరుసెనగ గురించి అని తర్వాత తెలిసింది.

అక్టోబరు మూడో శుక్రవారం మధ్యాహ్నం, గేటు దగ్గర నుంచి కబురు వచ్చింది. వెళ్ళి చూస్తే పదకొండు మంది, నాలుగు గోనెసంచులు, ఒక చంటిబిడ్డ. జొన్నరొట్టెల మూట విప్పి గేటు సిపాయికి పెడుతున్న ఆమె భీమన్న తల్లి నాగమ్మ. ఆ సిపాయి పంజాబీ. ఏమీ అర్థం కాకపోయినా తింటున్నాడు.

"మావాడు యాడున్నాడమ్మా?" అంది నన్ను చూసి.

కాలికి దెబ్బ తగిలిందని, బాగైపోతుందని, రేపు కవాతులో ఉండడని అక్కడే నిలబెట్టి చెప్పాను. ఇలాంటి మాట నడుస్తూ చెప్పకూడదు.

ఆమె, "కాలుందా?" అంది.

"ఉంది."

"నడుస్తాడా?"

"ఇంకొక రెండు వారాలకు."

"అయితే పద" అని మూట కట్టింది.

తండ్రి మారెప్ప అంత తేలిగ్గా తీసుకోలేదు. కొడుకు మంచం దగ్గరికి వచ్చి కట్టును వేలితో తట్టి చూశాడు. పక్కన ఖాసిం నిలబడి ఉన్నాడు. ముద్ర సంగతి భీమన్న నోటి నుంచే బయటికి వచ్చింది.

"నీ సెయ్యి బలే సెయ్యప్పా" అన్నాడు మారెప్ప ఖాసింతో. "అట్ల ఆనిస్తానే మావాని కాలు ఇరిగిపాయె."

ఖాసిం తల వంచుకున్నాడు.

"ఊరుకో నువ్వు" అంది నాగమ్మ. "వాడు ఆనిచ్చినాడు సరే. సెయ్యి సాపింది ఎవరు? నీ కొడుకు గాదా? నొస్తాందని ఫోన్‌లో మనకన్నా సెప్పినాడా? శెనక్కాయలు కోసినారా, వాన పడినాదా అని అడిగె. నేను పిచ్చిదాన్ని, పడినాది నాయనా అంటి."

భీమన్న గోడ వైపు తిరిగాడు.

మరుసటి రోజు కవాతుకు మారెప్ప రానన్నాడు. "ఎవరి కొడుకునో సూసేదానికి రెండు దినాలు రైల్లో కూసుంటినా?"

"కూసున్నావు గదా. ఇంగ లేసి నడువు" అంది నాగమ్మ. ఆయన బంధువుల వరసలోకి మాత్రం రాలేదు. మైదానం అంచున రోగులకు వేసిన గుడారంలో, నీలం ఆసుపత్రి బట్టల్లో ఉన్న కొడుకు పక్కన బల్ల మీద కూర్చున్నాడు. మిగతా పదిమంది బంధువుల వరసలో కూర్చున్నారు.

కవాతు బాగా జరిగింది. దాని గురించి రాయను, మీరే చేస్తారు. అయిపోయాక కొత్త సైనికుల తల్లిదండ్రులను మైదానంలోకి పిలుస్తారు. కొడుకు ఎదురొచ్చి సెల్యూట్ చేస్తాడు. ఖాసిం అక్క కాన్పు దగ్గరపడి అతని ఇంటి నుంచి ఎవరూ రాలేదు. మిగతా అందరి చుట్టూ జనం చేరారు. అతను ఒక్కడూ నిటారుగా, ముందుకు చూస్తూ నిలబడి ఉన్నాడు.

నాగమ్మ లేచింది. ఆమె వెనక తొమ్మిదిమందీ లేచారు. ఎండలో మైదానం అడ్డంగా నడిచి అతని దగ్గరికి పోయారు. ఖాసిం సెల్యూట్ చేశాడు. దానికి తిరిగి ఏం చేయాలో ఆమెకు తెలియదు. రెండు చేతులూ అతని చెంపలకు తాకించి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. చంటిబిడ్డను అతని చేతికిచ్చారు. తుపాకీ ఉన్న చెయ్యితో బిడ్డను ఎలా పట్టుకోవాలో అతనికి శిక్షణలో నేర్పలేదు.

గుడారంలో భీమన్న అంతా చూశాడు. "మాయమ్మ నడక సూడండి మేడమ్" అన్నాడు నాతో. "ఎవరో పెద్దాఫీసరు మాదిరి పోతాంది." మారెప్ప కొడుకు భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

ఫిబ్రవరి

భీమన్న కాలు అతుక్కుంది. నవంబరు రెండో వారంలో వెనక బ్యాచ్‌లో చేరాడు. ఈసారి నొప్పి లేకపోయినా నెలకోసారి ఆసుపత్రికి వచ్చి ముంగాలు నొక్కించుకుని పోయేవాడు. కొత్త బ్యాచ్‌లో ఇద్దరు కన్నడ కుర్రవాళ్ళు నొప్పి అంటే, తనే చెయ్యి పట్టుకుని జబ్బు వరసలో నిలబెట్టాడు. అది నాకు నచ్చింది.

ఫిబ్రవరి మొదటి శనివారం అతని కసమ్ పరేడ్ జరిగింది. అప్పటికి వాళ్ళ ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. నాగమ్మ, మారెప్ప మిరపకాయలు కోసే సుగ్గికి, అంటే కోతకాలపు వలసకు, గుంటూరు వైపు పోయి, రోడ్డుపక్క గుడిసెలో ఉన్నారు. ముందు కూలి ముట్టింది కాబట్టి కదలడానికి లేదు. తల్లిదండ్రులను పిలిచిన వేళ నేను వెళ్ళి నిలబడ్డాను. భీమన్న సెల్యూట్ చేశాడు. అది మంచి సెల్యూట్. ఆసుపత్రి మనిషికి చేసేది, అమ్మకు చేసేది కాదు.

ఇప్పుడు మీరు చేరే పద్ధతిలో శిక్షణ ఇంకా తక్కువ నెలలు, ఉద్యోగమే నాలుగేళ్ళు, ఆ తర్వాత ఉంచుకునేది కొందరినే. వెనకపడటానికి ఉన్న జాగా మా రోజులకంటే ఇరుకు. అందుకే మూడో రోజునే చెప్పండి. పదిహేడో రోజున చెప్పొద్దు.

లెక్క

కాలు పోలేదు. ఉద్యోగం పోలేదు. భీమన్న ఇప్పుడు హవల్దార్.

పోయినవి ఇవి. భీమన్నకు పదిహేను వారాలు, తన బ్యాచ్. ఖాసింకు సెక్షన్ నాయకత్వం, పరుగు కప్పు. ఇద్దరికీ ఒకే రెజిమెంటులో కలిసి ఉండే అవకాశం. ఖాసింను తూర్పుకు పంపారు, భీమన్నను పడమటికి. పదకొండు మందికి ఆరేసి రోజుల కూలి. మారెప్పకు హమాలీల ముందు చెప్పుకోవలసిన ఒక మాట.

నాగమ్మకు కొడుకు కవాతు. ఆమె జీవితంలో చూసింది ఒక్కటే కవాతు, అది ఖాసింది.